డబ్బా చేతిలో, తాళం మరొకరి దగ్గర

కొత్త ఆట డబ్బా తెరిస్తే లోపల ఎర్రటి చిన్న కార్డు ఉంటుంది. ఆటలాడే యంత్రంలో, అంటే కన్సోల్‌లో పెడితే ఆట మొదలవదు. ముందు ఇంటర్నెట్‌కు కలపాలనీ, ఆట మొత్తాన్ని డౌన్‌లోడ్ చేసుకోవాలనీ తెర మీద సూచన వస్తుంది. కార్డులో ఉన్నది ఆటను తెరిచే తాళంచెవి మాత్రమే. 2025 జూన్ 5న విడుదలైన నింటెండో స్విచ్ 2 కన్సోల్‌తో పాటు వచ్చిన ఈ ‘గేమ్-కీ కార్డు’ గేమర్లను నిలువునా చీల్చింది. తాళంచెవి చేతిలో పెట్టి ఆట అమ్మామంటే ఎలా ఒప్పుకుంటామని ఒక వర్గం మండిపడింది. ఆ తాళంచెవినైనా తిరిగి అమ్ముకోవచ్చు, డిజిటల్‌గా కొన్న ఆటను అదీ చేయలేం కదా అని రెండో వర్గం అడిగింది.

ఇద్దరి మాటా నిజమే. ‘కొన్నాను’ అనే ఒక్క మాటలో నాలుగైదు వేర్వేరు హక్కులను కుక్కేయడం వల్లనే ఈ చిక్కు వస్తోంది. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, నింటెండో అభిమానులు తలపడినప్పుడల్లా ఒకరు అమ్ముకునే హక్కు గురించి అడుగుతారు, మరొకరు ఆడుకునే సౌకర్యం గురించి జవాబిస్తారు. డిస్కు మేలా, డిజిటల్ మేలా అన్న పాత తగాదాను కాసేపు పక్కన పెడదాం. ఒక ఆటను ఆడడానికి, ఎరువివ్వడానికి, అమ్మడానికి ఎవరి అనుమతి కావాలి, ఎన్నిసార్లు కావాలి అని లెక్క వేసుకుంటే ముడి ఒక్కొక్క పోగుగా విడిపోతుంది.

## పుస్తకంతో మొదలైన తగాదా

పుస్తకం కొన్నవారికి ఆ ప్రతి మీద హక్కు వస్తుంది, అందులోని రచన మీద రాదు. చదువుకోవచ్చు, స్నేహితుడికి ఇవ్వవచ్చు, పాత పుస్తకాల అంగడిలో అమ్మేయవచ్చు. మళ్లీ అచ్చు వేసి పంచకూడదు. అమెరికాలో బాబ్స్-మెరిల్ అనే ప్రచురణ సంస్థ ఈ గీతను చెరపాలని చూసింది. ఒక నవల లోపలి పుటలో, దీన్ని డాలరుకు తక్కువకు అమ్మే అధికారం ఎవరికీ లేదని అచ్చు వేసింది. మేసీస్ దుకాణం దాన్ని 89 సెంట్లకే అమ్మింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒకసారి అమ్ముడైన ప్రతిని తర్వాత ఎంతకు అమ్మాలో శాసించే హక్కు కాపీరైట్ యజమానికి ఉండదని 1908లో కోర్టు తేల్చింది. దీన్నే తొలి విక్రయ సూత్రం అంటారు. పాత ఆటల వ్యాపారమంతా నిలబడింది ఈ పునాది మీదే.

వీడియో ఆటల దగ్గరికి వచ్చేసరికి ఇదే తగాదా జపాన్‌లో కొత్త వేషంలో వచ్చింది. మా ఆటలు చట్టం దృష్టిలో సినిమాలతో సమానం, సినిమా పంపిణీ మీద నిర్మాతకు ఉన్న ప్రత్యేక హక్కు మాకూ ఉంది, కాబట్టి పాత ఆటలు అమ్మే దుకాణాలను ఆపాలి అని కంపెనీలు వాదించాయి. 2002 ఏప్రిల్‌లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ముచ్చటైనది. ఆటలు సినిమాల కోవలోకి వస్తాయన్న మాటను ఒప్పుకుంది, కానీ ప్రజలకు ఒకసారి అమ్మాక ఆ ప్రతి మీద హక్కు తీరిపోతుందని చెప్పి దుకాణాల పక్షాన నిలిచింది.

డౌన్‌లోడ్ వచ్చాక లెక్క మారింది. డిస్కును చేతులు మార్చినప్పుడు ఉన్న వస్తువే ఒకరి దగ్గర నుంచి మరొకరి దగ్గరికి వెళుతుంది. ఫైలును పంపితే అవతల కొత్త ప్రతి పుడుతుంది, ప్రతి తీయడం కాపీరైట్ యజమాని హక్కు. పాత డిజిటల్ పాటలను అమ్మిపెట్టిన రీడిజి సంస్థ విషయంలో అమెరికా అప్పీలు కోర్టు 2018లో ఈ తర్కాన్నే పట్టుకుంది. ఐరోపాలో దారి కొంచెం వంకర. శాశ్వత లైసెన్సుతో అమ్మిన సాఫ్ట్‌వేర్‌ను తిరిగి అమ్ముకోవచ్చని ఐరోపా యూనియన్ న్యాయస్థానం 2012లో చెప్పింది. ఆ ధైర్యంతో ఫ్రాన్సులో ఒక వినియోగదారుల సంఘం, కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌ను నడిపే వాల్వ్ సంస్థ మీద దావా వేసి 2019లో గెలిచింది. 2022లో పారిస్ అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఆట అంటే సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు, బొమ్మలు, సంగీతం, కథ కలిసిన రచన కనుక మామూలు సాఫ్ట్‌వేర్ నియమం దీనికి వర్తించదని భావించింది.

## తొమ్మిది రోజుల్లో తలకిందులైన ప్రణాళిక

కన్సోల్ యుద్ధాల్లో యాజమాన్యం అనే మాట ఇంత పదును తేలింది 2013లో. అంతకు ముందు అభిమానులు గ్రాఫిక్స్ గురించో, ఏ ఆట ఏ యంత్రానికే ప్రత్యేకమన్న దాని గురించో కొట్టుకునేవారు.

ఆ ఏడాది మే 21న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్‌ను ప్రదర్శించింది. ఆ తర్వాత బయటపెట్టిన నిబంధనలు ఇవి: యంత్రం 24 గంటలకు ఒకసారైనా ఇంటర్నెట్‌తో మాట్లాడాలి, లేకపోతే ఆటలు నడవవు. వేరే వారి యంత్రంలో మీ ఖాతాతో ఆడుతుంటే గంటకోసారి మాట్లాడాలి. డిస్కులోని ఆటను స్నేహితుడికి ఇచ్చేయవచ్చు, కానీ ఒకే ఒక్కసారి, అదీ అతడు మీ స్నేహితుల జాబితాలో చేరి 30 రోజులు దాటితేనే. పాత ఆటను దుకాణానికి అమ్మాలంటే ప్రచురణకర్త ఒప్పుకోవాలి, ఆ దుకాణం కూడా ఏర్పాటులో భాగం కావాలి.

జూన్ 10న లాస్ ఏంజెలిస్‌లో జరిగిన ఈ3 అనే వీడియో ఆటల ప్రదర్శనలో సోనీ వేదిక ఎక్కింది. ప్లేస్టేషన్ 4లో పాత ఆటలకు ఆంక్షలు ఉండవనీ, ఇంటర్నెట్ తనిఖీ ఉండదనీ ప్రకటించగానే హాలు దద్దరిల్లింది. ధర 399 డాలర్లు, ఎక్స్‌బాక్స్ వన్ 499 డాలర్లు. పుండు మీద కారం చల్లినట్టు సోనీ ఒక బుల్లి వీడియో కూడా వదిలింది. ‘ఆటను ఎరువివ్వడం ఎలా’ అన్నది విషయం. ఒక అధికారి మరొక అధికారి చేతిలో డబ్బా పెడతాడు. వీడియో అయిపోతుంది. సరిగ్గా తొమ్మిది రోజులకు, జూన్ 19న, మైక్రోసాఫ్ట్ నిబంధనలన్నిటినీ వెనక్కి తీసుకుంది.

ఈ కథను గేమర్లు ఇంతవరకే చెప్పుకుంటారు. చెప్పుకోని సగం ఒకటి ఉంది. ఆ ప్రణాళికలో డిస్కును ఒకసారి యంత్రంలోకి ఎక్కించాక మళ్లీ పెట్టాల్సిన పని లేదు. కుటుంబంగా నమోదు చేసుకున్న పది మంది వరకు ఒకరి ఆటలు మరొకరు ఆడుకోవచ్చు. నిబంధనలతో పాటు ఇవీ పోయాయి. పైగా ఇప్పుడు ఏ కన్సోల్ దుకాణంలో డిజిటల్‌గా కొన్నా ఆటను అమ్మడం కుదరదు, ఒకసారైనా స్నేహితుడికి శాశ్వతంగా ఇచ్చేయడం కుదరదు. 2013లో అరిచి ఆపిన పథకం కంటే తక్కువ హక్కులతో ఇప్పుడు నోరెత్తకుండా కొంటున్నాం. నన్ను నేను కూడా ఈ లెక్కలో కలుపుకుంటున్నాను. సోఫాలోంచి లేవకుండా ఆట మార్చుకునే సుఖం అలాంటిది.

## ఒకే ఆట, అయిదు రూపాలు

ఒక అక్క, ఒక తమ్ముడు, ఇద్దరికీ చెరో కన్సోల్ అనుకుందాం. అక్క ఒక ఆట కొంది. నెల తర్వాత తమ్ముడు అడిగాడు. ఆ పైన అక్కకు ఆట విసుగొచ్చి అమ్మేయాలనుకుంది. పదేళ్ల తర్వాత మళ్లీ ఆడాలనిపించింది.

మొదటి రూపం, ఆట మొత్తం అందులోనే ఉన్న కార్డు లేదా డిస్కు. అక్క ఇంటర్నెట్ లేకున్నా ఆడుతుంది. తమ్ముడికి చేతికిస్తుంది, కావాలంటే అమ్ముకుంటుంది. పదేళ్ల తర్వాత యంత్రం పనిచేస్తే ఆటా పనిచేస్తుంది. ఇక్కడ అడగాల్సిన అనుమతి దాదాపు ఏదీ లేదు. ఒక మెలిక మాత్రం ఉంది. ఇప్పటి ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ యంత్రాల్లో డిస్కులోని ఆట లోపలి నిల్వలోకి ఎక్కుతుంది, ఆ తర్వాత డిస్కు ‘ఆట నా దగ్గర ఉంది’ అని చూపించే ఆధారం మాత్రమే. విడుదల రోజునే వచ్చే భారీ సవరణ డిస్కులో ఉండదు, అది సర్వర్ నుంచే రావాలి.

రెండోది గేమ్-కీ కార్డు. మొదటిసారి ఇంటర్నెట్ తప్పనిసరి. ఆట దింపుకున్నాక కార్డు లోపల ఉంటే చాలు, ఇంటర్నెట్ అక్కర్లేదు. తమ్ముడికి ఇవ్వవచ్చు, అతడు మళ్లీ దింపుకుంటాడు. అమ్ముకోవచ్చు. పదేళ్ల తర్వాత సంగతి మాత్రం నింటెండో సర్వర్ చేతిలో ఉంటుంది. అమ్మకం దగ్గర ఇది వస్తువు, దీర్ఘాయువు దగ్గర ఇది డౌన్‌లోడ్. రెండు వర్గాలూ ఎందుకు పోట్లాడుకున్నాయో, ఇద్దరూ ఎందుకు సరైనవారో ఇక్కడే తేలుతుంది.

మూడోది డబ్బాలో కాగితం మీద ఒక కోడ్. ఒకసారి ఖాతాలో నమోదు చేశాక ఆ డబ్బా అలంకారానికే పనికొస్తుంది.

నాలుగోది డిజిటల్ కొనుగోలు. అక్క ఎంచుకున్న ముఖ్య యంత్రంలో ఇంటర్నెట్ లేకున్నా ఆడవచ్చు. అమ్మకం లేదు. ఎరువు ఎంతవరకు అన్నది కంపెనీని బట్టి మారుతుంది. 2025లో నింటెండో తెచ్చిన ‘వర్చువల్ గేమ్ కార్డు’ పద్ధతిలో, కుటుంబ బృందంగా నమోదైన తమ్ముడికి 14 రోజులు ఇవ్వవచ్చు. ఆ రోజుల్లో అక్కకు ఆ ఆట ఆడే వీలుండదు, గడువు తీరగానే ఆట తనంతట తానే తిరిగి వస్తుంది. ఎరువిచ్చిన వస్తువు ఇలా చెప్పిన రోజుకు తిరిగి రావడం ఒక రకంగా మెరుగే అనాలి.

అయిదోది చందా. గేమ్ పాస్, ప్లేస్టేషన్ ప్లస్ లాంటివి. చందా ఉన్నంతకాలం ఆట ఉంటుంది. జాబితాలోంచి తీసేస్తే చందా ఉన్నా ఆట పోతుంది. ఇక్కడ యాజమాన్యం అన్న భ్రమ మొదటి నుంచీ లేదు, అందుకే దీని మీద రగడ తక్కువ.

డిస్కు ఉంటే చాలు అనుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2022లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ: మోడరన్ వార్‌ఫేర్ 2 ప్లేస్టేషన్ 5 డిస్కులో ఉన్నది సుమారు 70 ఎంబీ. ప్లేస్టేషన్ 5 డిస్కులో 100 జీబీ దాకా పడుతుంది. అంటే ఆ డిస్కు పేరు చెప్పుకోని గేమ్-కీ కార్డు. నింటెండో కనీసం డబ్బా ముందు భాగాన ఆ మాట అచ్చు వేసి అమ్ముతోంది. అటు మరో వైపు, సైబర్‌పంక్ 2077 లాంటి పెద్ద ఆట స్విచ్ 2లో 64 జీబీ కార్డు మీద పూర్తిగా వచ్చింది. తయారీదారు తలుచుకుంటే కుదురుతుందన్నమాట.

## ఆటకే కాదు, యంత్రానికీ తాళం ఉంది

ఇప్పటిదాకా ఆట గురించే మాట్లాడుకున్నాం. డబ్బు పోసి కొన్న యంత్రం సంగతి ఇంకా విచిత్రం.

ప్లేస్టేషన్ 4 లోపల గడియారాన్ని నడిపే నాణెం సైజు బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది అయిపోతే యంత్రానికి సమయం తెలియదు. ఆటలో సాధించినవాటికి దక్కే ట్రోఫీలు ఏ సమయంలో వచ్చాయో నమోదు చేయడానికి సమయం కావాలి కాబట్టి, అది సోనీ నెట్‌వర్క్‌ను అడిగి సరిచూసుకుంటుంది. ఎప్పుడో ఒకనాడు ఆ నెట్‌వర్క్ మూతపడితే? బ్యాటరీ చచ్చిన యంత్రంలో డిస్కు ఆటలు కూడా తెరుచుకోవని, పాత ఆటలను భద్రపరిచే పరిరక్షకులు 2021లో పరీక్షించి చూపించారు. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన 9.00 సాఫ్ట్‌వేర్‌లో ఈ సమస్యను సరిచేశారు. ఎవరూ కుట్ర పన్ని పెట్టింది కాదు, అడ్డదిడ్డంగా పెరిగిన తీగ లాంటిది. కొన్న వస్తువు కంపెనీ మీద ఎంత నిశ్శబ్దంగా ఆధారపడుతుందో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

2023 చివరలో వచ్చిన సన్నటి ప్లేస్టేషన్ 5కు డిస్కు డ్రైవును విడిగా తగిలించుకోవచ్చు. తగిలించాక ఒకసారి ఇంటర్నెట్ ద్వారా జత చేస్తేనే పనిచేస్తుంది. 2024 నవంబరులో 699.99 డాలర్లకు వచ్చిన ప్లేస్టేషన్ 5 ప్రోలో డ్రైవే లేదు, విడిగా కొనుక్కోవాలి. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ అయితే 2020లో పుట్టినప్పటి నుంచే డ్రైవు లేనిది, తగిలించే దారీ లేదు.

నింటెండో ఇంకో అడుగు వేసింది. స్విచ్ 2 విడుదలకు ముందు, 2025 మేలో, వినియోగదారుల ఒప్పందాన్ని మార్చింది. నిబంధనలు ఉల్లంఘిస్తే యంత్రాన్ని పూర్తిగా గానీ కొంతమేర గానీ శాశ్వతంగా పనికిరాకుండా చేసే అధికారం తనకు ఉందని అమెరికా ఒప్పందంలో రాసుకుంది. ఆచరణలో కనిపించింది ఆన్‌లైన్ సేవల నిషేధం. దొంగ కాపీలను నడపగల కార్డులు వాడిన యంత్రాలను నెట్‌వర్క్ నుంచి వెలివేసింది. ఈ వెలి యంత్రానికి అంటుకుంటుంది, మనిషికి కాదు. ముందటి యజమాని చేసిన పనికి, దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారు ఆన్‌లైన్ కోల్పోయిన సందర్భాలు వార్తల్లోకి వచ్చాయి. గేమ్-కీ కార్డుతో దీన్ని కలిపి చూడండి: ఆట దింపుకోవడానికి ఆన్‌లైన్ కావాలి, యంత్రానికేమో ఆన్‌లైన్ లేదు.

## కంపెనీలు చెప్పేది కూడా వినాలి

పాత డిస్కు పదిసార్లు చేతులు మారినా తయారుచేసిన స్టూడియోకు వచ్చేది మొదటి అమ్మకం సొమ్మే. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే ఆటల సంస్థ 2010లో దీనికి మందు కనిపెట్టాననుకుంది. కొత్త డబ్బాలో ఒక కోడ్ పెట్టింది. పాత ఆట కొన్నవారు ఆన్‌లైన్‌లో ఆడాలంటే విడిగా 10 డాలర్లు కట్టాలి. జనం చీదరించుకోవడంతో 2013లో ఎత్తేసింది. దీనికి ఎదురు వాదనా బలమైనదే. పాత ఆట అమ్మగా వచ్చిన డబ్బుతోనే చాలామంది కొత్త ఆట కొంటారు, ఆ డబ్బు తిరిగి స్టూడియోలకే చేరుతుంది.

కార్డు విషయంలో సాంకేతిక కారణం కూడా నిజమైనదే. స్విచ్ 2 లోపలి నిల్వ 256 జీబీ, కార్డు కంటే వేగంగా చదువుతుంది. విశాలమైన ప్రపంచాన్ని పరుగులో తెర మీదకు తెచ్చే ఆటలకు ఆ వేగం కావాలి. పెద్ద కార్డుకు ఖర్చూ ఎక్కువ, అమ్ముడుపోకపోతే ఆ నష్టమంతా ప్రచురణకర్తదే. చిన్న స్టూడియోల వైపు నుంచి చూస్తే గేమ్-కీ కార్డు అంటే అసలు దుకాణం అరలోకే రాలేని ఆట అక్కడికి చేరడం. ఇక దొంగ కాపీలు. తాళం వేసినవాడిని తిట్టేటప్పుడు దొంగ ఉన్నాడన్న సంగతి మరిచిపోకూడదు. అయితే ఆ తాళం దొంగను ఎంత ఆపుతోంది, ఇంటివాడిని ఎంత ఆపుతోంది అన్నది విడిగా అడగాల్సిన ప్రశ్న. పైన చెప్పిన సెకండ్ హ్యాండ్ కొనుగోలుదారు విషయంలో అది ఇంటివాడినే ఆపింది.

## సర్వర్ ఆపేస్తే

యుబిసాఫ్ట్ సంస్థ ‘ది క్రూ’ అనే కార్ల ఆటను 2014 డిసెంబరులో విడుదల చేసింది. ఒంటరిగా ఆడే భాగానికి కూడా సర్వర్ కావాలి. 2024 మార్చి 31న సర్వర్లు ఆగాయి. డిస్కు ఉన్నవారికీ, డౌన్‌లోడ్ ఉన్నవారికీ ఒకే గతి పట్టింది. అనుమతుల లెక్కలో ఇది అట్టడుగు మెట్టు, ఆడే ప్రతిసారీ అడగాలి, అడిగేచోట ఎవరూ లేరు.

దీనిమీద రాస్ స్కాట్ అనే యూట్యూబ్ నిర్వాహకుడు ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం మొదలుపెట్టాడు. సర్వర్లను ఎల్లకాలం నడపమని ఆ ఉద్యమం అడగడం లేదు, చాలామంది అలా అపార్థం చేసుకుంటారు. మూసేముందు ఆట ఏదో ఒక రూపంలో ఆడదగ్గ స్థితిలో ఉండేలా వదిలిపెట్టమని అడుగుతోంది. ఐరోపా యూనియన్‌లో పౌరుల వినతికి కావలసిన 10 లక్షల సంతకాలను 2025 జూలైలో దాటింది. పరిశ్రమ సంఘాల జవాబు ఇదీ: కొన్ని ఆటలు పుట్టుకతోనే సర్వర్ మీద అల్లుకున్నవి, విడదీస్తే మిగిలేది ఏమీ ఉండదు, అభిమానులు సొంతంగా నడిపే సర్వర్లలో జరిగే అకృత్యాలకు ఎవరు బాధ్యులు, ఈ భారమంతా తయారీ ఖర్చులో కలుస్తుంది. వందల మంది ఒకేసారి ఆడే ఆటల విషయంలో ఈ మాటకు బరువుంది. ఒంటరిగా కారు నడుపుకునే ఆటకు ఇదే మాట అతకదు. యుబిసాఫ్టే 2024 సెప్టెంబరులో ‘ది క్రూ 2’కు ఇంటర్నెట్ లేని పద్ధతి తెస్తామని ప్రకటించింది, తర్వాత తెచ్చింది కూడా.

మూతపడ్డ దుకాణాలది ఇంకో వరుస. నింటెండో పాత యంత్రాలైన 3డీఎస్, వీ యూ ఆన్‌లైన్ దుకాణాలు 2023 మార్చిలో, ఎక్స్‌బాక్స్ 360 దుకాణం 2024 జూలైలో అమ్మకాలు ఆపేశాయి. అంతకుముందే కొన్నవాటిని మళ్లీ దింపుకునే వీలుంచారు. ఎంతకాలం అన్నది కంపెనీ ఇష్టం. ప్లేస్టేషన్ 3 దుకాణాన్ని 2021లో మూస్తామని ప్రకటించిన సోనీ, గేమర్ల గోలకు తగ్గి మూడు వారాల్లో మనసు మార్చుకుంది.

## ‘కొనండి’ అన్న మీట మీద చట్టం

కాలిఫోర్నియా ఈ ముడిని మాట దగ్గరే పట్టుకుంది. 2024 సెప్టెంబరులో ఆమోదించి, 2025 జనవరి 1 నుంచి అమలుచేస్తున్న చట్టం ప్రకారం, డిజిటల్ సరుకు అమ్మేవారు అది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అన్న మాట వాడకూడదు. చట్టం ఎవరికీ కొత్త హక్కు ఇవ్వలేదు. అమ్ముకునే వీలు రాలేదు, సర్వర్ మూయొద్దన్న నియమం రాలేదు. పేరు సరిగ్గా పెట్టమంది, అంతే. అమలు తేదీకి ముందే స్టీమ్ తన చెల్లింపు పేజీలో, మీరు తీసుకుంటున్నది ఆట లైసెన్సు అన్న గమనిక చేర్చింది.

ఆ చట్టంలో కొన్నింటికి మినహాయింపు ఉంది. చందాతో చూసేవి, ఉచితంగా ఇచ్చేవి సరే. వాటితో పాటు, అమ్మినవారు తర్వాత వెనక్కి లాక్కోలేని విధంగా, ఇంటర్నెట్ లేకుండా వాడుకునేలా శాశ్వతంగా దింపుకోనిచ్చే సరుకుకు ఏ హెచ్చరికా అక్కర్లేదు. కంప్యూటర్ ఆటల్లో తాళాలు లేకుండా అమ్మే జీఓజీ లాంటి దుకాణాలు ఆ కోవకు దగ్గరగా ఉంటాయి. కన్సోళ్ల దుకాణాల్లో అలా అమ్మేది ఇప్పటికి ఒక్కటీ లేదు.